పోయిందన్న మాట

ఇంటి నుంచి,
సోమవారం.

అక్కా,

నిన్న వీడియో కాల్లో నువ్వు నా మొహంకేసి చూసిన చూపు ఇంకా కళ్ళముందే ఉంది. సూదిలో దారం ఎక్కించేవాళ్ళు చూస్తారే, అలా చూశావు. నేను మాట్లాడినంతసేపూ తలూపుతూనే ఉన్నావు. నీ తలూపుడు నాకు తెలీదా? అర్థమైతే ఒక్కసారి ఊపి ఊరుకుంటావు. కాకపోతే తలాడించే బొమ్మలా ఊపుతూనే ఉంటావు.

తప్పు నీది కాదులే, నా నోటిది. పళ్ళ డాక్టరు శనివారం బుడిపెలు అంటించాడు. ఆయన అటాచ్‌మెంట్లంటాడు, నేను బుడిపెలంటాను. నా కింది పళ్ళు పై చిగురులో దిగబడుతున్నాయని, ఇలాగే వదిలేస్తే ముందు పళ్ళు అరిగిపోతాయని, కనపడని ట్రేలు పెడతానన్నాడని నీకు ముందే చెప్పా కదా. ట్రేలంటే గాజులాంటి తొడుగులు, తొడిగితే తొడిగాం, తీస్తే తీశాం అనుకున్నా. ఈ బుడిపెల సంగతి కుర్చీలో పడుకోబెట్టాక చెప్పాడు మహానుభావుడు. ట్రేకి పట్టు దొరకాలంటే పళ్ళ మీద చిన్న చిన్న గడ్డలు అంటించాలట, పంటి రంగులోనే. పళ్ళు ఆరబెట్టి, పుల్లటి మందేదో పూసి, ముద్దలు పెట్టి, నీలం దీపం పట్టాడు. దీపం తీసేసరికి అవి రాళ్ళు. నాలుకతో తడిమితే పళ్ళకి మొటిమలు లేచినట్టుంది. పెదవి లోపలంతా గీరుకుపోయింది.

ట్రే వాటి మీద ఎక్కిందంటే దిగదు. గోళ్ళు విరిగాయి. చెంచా కాడతో లాగబోతుంటే మా ఆయన చూసి, "ఆగాగు, ఇరుక్కున్న లిఫ్టు తలుపులే తీస్తాను, ఇదెంత" అని టార్చిలైటు పట్టుకొచ్చారు. లిఫ్టు మెకానిక్కుని కట్టుకున్నందుకు ఇన్నాళ్ళకి ఉపయోగం కనిపించింది.

కౌంటర్లో నా పరిస్థితి చూస్తే నువ్వు పడీపడీ నవ్వుతావు. మైకు ముందు కూర్చుని "బష్షు షిద్ధంగా ఉంది" అంటున్నా. బస్‌స్టేషన్ మొత్తం తలెత్తి స్పీకరు వైపు చూసింది. అద్దం అవతల ఒక పెద్దాయన, "ఏమ్మా, నోట్లో చాక్లెట్టుందా?" అన్నాడు.

ఫోన్‌లో టైపు చేద్దామంటే మనిద్దరికీ "తిన్నావా", "తిన్నా" దాటి బండి కదలదు. అందుకని మాట సర్దుకునేదాకా ఉత్తరాలు రాస్తా. నువ్వూ రాయి.

ఇంకో సంగతుంది. అది మాత్రం రాయను. నోటితోనే చెప్తా. నా పెదాల మీద నువ్వది చదువుకుంటుంటే నీ మొహం చూడాలి నేను. కొన్నాళ్ళాగు.

నీ వసపిట్ట


ఫ్రేముల దుకాణం,
శుక్రవారం.

వసపిట్టా,

చెవులు పోయినప్పటినుంచీ నేను పూర్తిగా చదవగలిగిన పుస్తకం నీ నోరొక్కటే. మిగతా వాళ్ళవి అక్కడో ముక్క ఇక్కడో ముక్క. అలాంటిది మొన్న ఆదివారం ఎవరో కొత్తమనిషి మాట్లాడుతున్నట్టనిపించింది. నీకు తెలిసిపోయిందని సిగ్గేసింది. తెలీలేదనడం నాకు చేతకాదే. తలూపితే ఎదుటివాళ్ళు సంతోషిస్తారు, నాకూ మళ్ళీ మళ్ళీ అడిగే బాధ తప్పుతుంది. చిన్నప్పుడు పట్టుకున్న జబ్బు ఇది.

అసలు సంగతి ఏంటంటే, ఆ బుడిపెలు కనపడకూడదని నువ్వు పై పెదవి కిందికి లాగి పట్టుకుంటున్నావు. పెదాలు కదలకపోతే నాకేం మిగులుతుంది? మామూలుగానే మాట, పాట, బాట నాకు మూడూ ఒకటే. పెదాలు మూడింటికీ ఒకేలా మూసుకుంటాయి. ముందూ వెనకా చూసుకుని అల్లుకుంటాను. నువ్వు ముందూ వెనకా కూడా మింగేస్తే అల్లడానికి దారం ఎక్కణ్ణుంచి తేను?

మొన్న మా ఓనరుగారు దూరం నుంచి "మీట వెయ్యి" అన్నారు. నేను పీట వేశాను. ఆయన దాని మీద కూర్చుని కాసేపాలోచించి, లేచి వెళ్ళి లైటు ఆయనే వేసుకున్నారు.

బుడిపెలు కనపడితే కనపడనీ. ఎవరేమనుకుంటే నీకేం? అద్దం ముందు కూర్చుని పేపరు గట్టిగా చదువు. పెదవి ఒరుసుకున్నచోట మైనం పెట్టుకోవచ్చట, డాక్టరునడుగు. నా మొదటి నెల ఇక్కడ గాజు కోసేటప్పుడు వేళ్ళన్నీ పట్టీలే. చెయ్యి అలవాటు పడింది. నోరూ పడుతుంది.

ఆ సంగతేంటి? ట్రాన్స్‌ఫరా? మా ఊరికేనా? ఊరించి ఊరించి చంపకు. పచ్చి వెలక్కాయ గొంతులో పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చోను?

అక్క


బస్‌స్టేషన్, విచారణ కౌంటర్,
భోజనాల వేళ.

అక్కా,

కౌంటర్ ముందు "భోజన విరామం" బోర్డు పెట్టి రాస్తున్నా. అయినా అద్దం కొడుతూనే ఉన్నారు. బోర్డు చదివి, "భోజనమా అమ్మా? అయితే నా బస్సెప్పుడు?" అంటున్నారు.

నువ్వన్నట్టే అద్దం ముందు కూర్చుంటున్నా. పై పెదవి వదిలెయ్యడం ఎంత కష్టమో తెలుసా? అది దానంతటదే ముసుగేసుకుంటుంది. ఆయన వెనక నిలబడి, నా మాటలకి గొంతు లేకుండా పెదాలు కదిపి వెక్కిరిస్తారు. ఆయన పెదాలైతే నువ్వు ఇట్టే చదివేస్తావు, గుమ్మంలా తెరుచుకుంటాయి.

మెల్లిగా అలవాటవుతోంది. ఏం తిన్నా బుడిపెల మధ్య ఇరుక్కుంటుంది, తిన్నాక బ్రష్షు పట్టుకుని పరుగు. టీ తాగితే బుడిపెలు పచ్చబడతాయన్నాడు, టీ మానేశా. నేను టీ మానడమేంటని ఇక్కడ అందరూ ముక్కున వేలేసుకున్నారు. టీ మానడానికి ఇంకో కారణం కూడా ఉందిలే. వాసన పడటంలేదు.

మొన్న గట్టి బిస్కెట్టు కొరికితే కోరపంటి మీది బుడిపె టక్కున ఊడొచ్చింది. ఏకంగా పన్నే ఊడిందనుకున్నా. డాక్టరు దగ్గరికి పరిగెత్తితే నవ్వాడు. "పోతే పోయిందమ్మా, ఇంకోటి పెడతాను. దీనికింత కంగారా?" అన్నాడు. నిజంగానే చిటికెలో పెట్టేశాడు. ఒకసారి ఎక్స్‌రే తీద్దామంటే మాత్రం ఇప్పుడొద్దన్నా. ఎందుకని అడిగాడు. చెవిలో చెప్పినట్టు చెప్పా. ఆయన మొహమంతా నవ్వై, "అలాగే అలాగే, ముందు చెప్పొద్దూ" అన్నాడు.

చూశావా, పళ్ళ డాక్టరుకి తెలిసిపోయింది, నీకింకా తెలీదు. అన్యాయం కదూ! వచ్చే ఆదివారం కాల్ చేస్తా. నువ్వు కళ్ళు బాగా తుడుచుకుని కూర్చో.

నీ వసపిట్ట


దుకాణం పైగది,
సోమవారం.

వసపిట్టా,

నిన్న నీ మొహం చూసి కడుపు నిండింది. కానీ బాగా చిక్కిపోయావు. ఆ ట్రేల బాధకి తిండి మానేస్తున్నావేమో. మెత్తగా వండుకుని తిను.

మళ్ళీ ఊడిందన్నావు కదా, దానికే అంత మొహం వేలాడేసుకున్నావా? అందుకే అన్నా, పోతే పోయిందిలేవే, పీడా పోయింది, డాక్టరు ఇంకోటి పెడతాడని. కావాలంటే ఈసారి గట్టిగా అంటించమను. నేను ఇంకేదో అనబోతుంటే నువ్వు తెరమీంచి మాయమయ్యావు. చార్జింగ్ అయిపోయిందా? మళ్ళీ చేస్తావని సాయంత్రందాకా ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా.

ఇంత చేసీ, ఊరించిన ఆ సంగతి మాత్రం చెప్పనేలేదు. కిటికీ పక్కన కూర్చోకు, వెలుగు వెనకనుంచి పడి నీ నోరు నల్లగా కనపడుతోంది.

పెళ్ళి ఫొటోలు ఒక కట్ట వచ్చాయి. అన్నిటికీ బంగారు అంచు కావాలట. మూలలు అతికించి అతికించి వేళ్ళకి జిగురే.

వెంటనే రాయి.

అక్క


దుకాణం పైగది,
ఆదివారం.

వసపిట్టా,

ఉత్తరం లేదు. కాల్ లేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోతోందని తెర చెప్తోంది. "బాగున్నావా" అని టైపు చేస్తే, చూసినట్టు గుర్తు వచ్చింది, జవాబు రాలేదు.

నా మీద అలిగావా? దేనికి? నేను నీ పళ్ళ గురించి వెక్కిరించానా? చిన్నప్పుడు నీకు అలకొస్తే నాకేసి వీపు పెట్టి కూర్చునేదానివి. నోరు కనపడకపోతే నేను చచ్చినట్టు బతిమాలుకోవాలని నీకు తెలుసు. ఇప్పుడింత వయసొచ్చి అదే పనా?

మరిదిగారికి మెసేజ్ పెట్టా. "బాగానే ఉంది వదినగారూ" అని ఒక్క ముక్క. ఆయన ఎప్పుడూ చివర ఏదో ఒక జోకు తగిలిస్తారు. ఈసారి లేదు.

ఇద్దరూ పోట్లాడుకున్నారా? అదైనా చెప్పు.

అక్క


ఇంటి నుంచి.

అక్కకి,

నేను క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. కౌంటర్లో పని ఎక్కువగా ఉండి రాయలేకపోయాను. పోట్లాటలేమీ లేవు. పళ్ళు బాగానే ఉన్నాయి.

ఇట్లు
చెల్లెలు


దుకాణం పైగది,
బుధవారం.

వసపిట్టా,

"నువ్వు క్షేమమని తలుస్తాను" అట. ఆ ఉత్తరం చదివి నాకు చలేసింది. నువ్వు అలా రాయవు. నువ్వు తిట్టి రాసినా నాకింత భయం వేసేది కాదు.

ఒక నిజం చెప్తా. దాచి ప్రయోజనం లేదు. ఆ ఆదివారం నువ్వు చెప్పింది నాకర్థం కాలేదు. మొత్తం మీద నాకందింది ఒకే ఒక్క మాట, "పోయింది". ఆ మాటకి పెదాలు గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి, అది దొరికింది. బుడిపె ఊడిందని అంతకుముందే రాశావు కాబట్టి, మళ్ళీ అదే అనుకున్నా. మిగతా అంతా నేనే అల్లేసుకున్నా. నీ పెదవి వణకడం చూశాను. పుండు పడి నొప్పేస్తోందేమో అనుకున్నా. "అర్థం కాలేదే, మళ్ళీ చెప్పు" అనాల్సింది. అలా అంటే నీ మొహం ఇంకా వాడిపోతుందని, అద్దం ముందు అంత కష్టపడ్డావు కదా, నా కోసమే కదా అని, అర్థమైనట్టు తలూపాను. నవ్వాను కూడా.

ఏం పోయింది?

ఎంత చెడ్డదైనా సరే, చెప్పు. చెప్పకపోతే నేను ఇక్కడ కూర్చుని అన్నీ పోయినట్టే ఊహించుకుంటున్నా. ఉద్యోగం పోయిందనుకున్నా, మరిదిగారి ఆరోగ్యం అనుకున్నా. ఇంకా ఏవేవో అనుకుని, రాయడానికి చెయ్యి రావడంలేదు.

అక్క


ఇంటి నుంచి,
శనివారం.

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నా. మళ్ళీ అడగకు.

అప్పటికి నాకు మూడో నెల. మొదటిసారి అందరికీ ముందే చెప్పుకుని, పోయాక అందరికీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది కదా. అప్పుడు నువ్వొచ్చి నా పక్కనే పడుకున్నావు. ఆ భయంతో ఈసారి నీక్కూడా చెప్పలేదు. డాక్టరమ్మ బాగానే ఉందన్నాక, ఇంక చెప్పొచ్చనుకున్నాక, ఆ ఆదివారం చెప్దామనుకున్నా. నేను అద్దం ముందు అలవాటు చేసుకున్నది పేపరు కాదక్కా. ఆ మాటే. "నువ్వు పెద్దమ్మవి కాబోతున్నావు." బుడిపెల మీంచి పెదవి ఎలా ఎత్తితే నీకు తెలుస్తుందో చూసి చూసి నేర్చుకున్నా.

దానికి ముందు మంగళవారం, మైకులో ఏదో బస్సు ఆలస్యమని చెప్తున్నా. నడుములో ఏదో తెగినట్టయింది. వాక్యం పూర్తి చేశా. ఎందుకు పూర్తి చేశానో తెలీదు. అద్దం అవతల జనం నిలబడి ఉన్నారు, వాళ్ళకి బస్సు కావాలి. మైకు ఆపేసి కుర్చీలోంచి లేస్తే కుర్చీ తడిసి ఉంది.

ఆసుపత్రిలో మత్తు ఇవ్వబోయే ముందు నర్సు వచ్చి, "నోట్లో ఏమున్నా తీసెయ్యమ్మా" అంది. ట్రేలు తీసి ఇచ్చా. టార్చి వేసి చూసి, "అవేంటి పళ్ళ మీద? అవీ తియ్యి" అంది. అవి రావండీ, అంటించారు, అన్నా. వేలితో గీకి చూసి, ఊడటంలేదని నమ్మకం కుదిరాక వెళ్ళింది. నాకు మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. నాలుక వెళ్ళి ముందు వాటినే తడిమింది. అంటించినవి అన్నీ అలాగే ఉన్నాయి.

ఇంకోసారి వద్దంది డాక్టరమ్మ. నా ఒళ్ళు తట్టుకోదట. ఈ మాట చెప్పడానికి ఆయన్ని కూడా లోపలికి పిలిచింది.

టైపు చేసి పంపాల్సింది అంటావు. అది టైపు చేసే మాటా? చిన్నప్పటినుంచీ నాకు ఏం జరిగినా, నీకు నోటితో చెప్పాకే జరిగినట్టు నాకు. బళ్ళో దెబ్బ తగిలితే ఇంటికొచ్చి నీకు చెప్పేదాకా ఏడుపు రాదని అమ్మ ఆశ్చర్యపోయేది గుర్తుందా? అలాగే నాకు ఏడుపు రాలేదు ఆ వారమంతా. ఆదివారం కోసం చూశా. ట్రే లేకుండా కూర్చుని చెప్పా. "నెల తప్పిందక్కా, నీకు చెప్పలేదు, ఇది కూడా నిలవలేదు, పోయింది."

నువ్వు తలూపావు. ఇంకా ఊపావు. తర్వాత నవ్వావు. నవ్వి, "పోతే పోయిందిలేవే, పీడా పోయింది, డాక్టరు ఇంకోటి పెడతాడు" అన్నావు.

నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలీదు. వంటింట్లో ఆయన గిన్నెలు కడుగుతున్నారు. ఆ చప్పుడు ఆగిపోయింది.

నీకు తెలీక అన్నావని నాకు ఆ క్షణంలోనే తెలుసు. బుడిపె అనుకున్నావని కూడా తెలుసు. తెలిస్తే పోతుందా? నీకు చెవుల్లేవు, నాకున్నాయి. వాటిలోంచి ఆ మాట పోవడంలేదు. నీళ్ళు తిప్పినా అదే, మైకు ఆన్ చేసినా అదే. మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మనిషికి అలాంటి మాట ఒక్కసారి చెప్పేంత బలమే ఉంటుందేమో. అది అయిపోయింది.

ట్రేలు ఆసుపత్రి నుంచి వచ్చాక పెట్టుకోలేదు. పళ్ళు మళ్ళీ పాత చోటికి జరిగిపోతున్నాయి, ఇప్పుడు ఆ ట్రే ఎక్కదు. బుడిపెలు మాత్రం పంటి మీద ఉన్నాయి, దేన్నీ పట్టుకోకుండా.

నువ్వు బాధపడతావని తెలిసీ ఇదంతా రాశా. నువ్వు బాధపడాలనే రాశానేమో కూడా. నాకు తెలీదు.

చెల్లి


దుకాణం పైగది.

వసపిట్టా,

మెట్ల మీదే చదివా. చదివాక కిందికి దిగాలో పైకెక్కాలో తెలీక అక్కడే కూర్చుండిపోయా. ఓనరుగారు వచ్చి ఏదో అడిగారు. ఆయన నోరు కదులుతోంది, నాకు ఒక్క అక్షరం కూడా కనపడలేదు. తలూపలేదు. ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

"క్షమించు" అని రాశా. కొట్టేశా. మళ్ళీ రాశా. కాలు తొక్కినవాళ్ళు కూడా అదే అంటారు. నేనన్నదానికి అది సరిపోదు.

ఆ మాటలు నేనన్నానని నువ్వు రాస్తే నాకు తెలిసింది. అంటే, అన్నది తెలుసు. కానీ నా గొంతులో అవి ఎలా మోగాయో, నవ్వు ఎలా ఉందో నాకు ఎప్పటికీ తెలీదు. అది మీ ఇద్దరికే తెలుసు. నాకు చెవులు పోయినందుకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా ఏడవలేదు.

నీ మీద కోపం కూడా ఉంది. రాయకపోతే అబద్ధమవుతుంది. నువ్వు అక్కడ అలా పడి ఉంటే నేనిక్కడ బంగారు అంచులు కొలుచుకుంటూ, అలిగావా అని దెప్పుతూ ఉత్తరాలు రాస్తున్నా. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క కొట్టి ఉంటే ఆ నిమిషమే బస్సు పట్టుకుని వచ్చేదాన్ని కదే. నన్నెందుకు అన్నాళ్ళు అలా తిరగనిచ్చావు? ఇది అడిగే అర్హత నాకు లేదు. అయినా అడుగుతున్నా, అక్కని కాబట్టి.

శనివారం వస్తున్నా. వద్దని రాసినా వస్తా. నువ్వు మాట్లాడక్కర్లేదు, నాకేం వండక్కర్లేదు. తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటా, నాకు అలవాటైంది.

అక్క


దుకాణం పైగది,
మంగళవారం.

వసపిట్టా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కనావిడ దారి పొడుగునా ఏదో చెప్తూనే ఉంది. నాకు వినపడదమ్మా, అని మొదట్లోనే చెప్పేశా. అయినా చెప్పింది, పాపం.

తలుపు మరిదిగారే తీశారు. ఫోన్‌లో "ఎవరితోనూ మాట్లాడటం లేదు వదినగారూ" అని టైపు చేసి చూపించారు. ఆయన చేతి మీద గ్రీజు మరకలు, మొహాన నిద్ర లేదు. ఆయన్ని ఎవరు పలకరిస్తున్నారో అనిపించింది. భుజం మీద చెయ్యి వేస్తే, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

నువ్వు మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నావు. నేను వచ్చానని నీకు తెలుసు, అడుగుల చప్పుడు వినపడి ఉంటుంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నా. తర్వాత నీ భుజం కదిలింది. ఏడుస్తున్నావనుకున్నా. కాదు. చెవి కింద దవడ ఎముక కదులుతోంది. నువ్వు మాట్లాడుతున్నావు.

మంచానికి అటువైపు మనిషి నిలబడేంత జాగా ఉంది. నేను లేచి అటు వస్తే నీ నోరు కనపడేది. నీ మాట కోసమే అంత దూరం వచ్చినదాన్ని, లేవబోయా కూడా. మళ్ళీ కూర్చున్నా. నీకు నేను గదిలో ఉండాలి, నాకు తెలియకూడదు. అలాగే కానీ అనుకున్నా.

ఎంతసేపు మాట్లాడావో. ఎండ గోడ మీంచి జారి నేల మీదికొచ్చింది. మధ్యలో ఒకసారి గట్టిగా అరిచినట్టున్నావు, మెడ నరాలు లేచాయి. ఒకసారి అసలు కదలకుండా, చాలా మెల్లిగా ఏదో అన్నావు. గుమ్మంలో మరిదిగారు నిలబడి విన్నారు. ఆయన మొహం చూస్తే నువ్వేమంటున్నావో సగమైనా తెలిసిపోయేది. అటు చూడలేదు. నీ వీపు మీద చూపు పెట్టుకుని కూర్చున్నా.

బయల్దేరే ముందు ఆయన వీధి చివరిదాకా వచ్చారు. "ఏమందంటే" అని టైపు చెయ్యడం మొదలుపెట్టారు. తెర మీద చెయ్యి అడ్డం పెట్టి, వద్దన్నా. నువ్వు నాకు ఇవ్వనిది ఇంకొకరి దగ్గర పుచ్చుకోను.

నాకు అర్థం కాలేదు. ఒక్క మాట కూడా. అదే రాద్దామని ఈ ఉత్తరం.

అక్క


ఇంటి నుంచి,
ఆదివారం.

అక్కా,

నిన్న బుడిపెలు తీయించేశా. అంటించినంతసేపు కూడా పట్టలేదు. చిన్న మిషనుతో గీకేశాడు, కాలిన వాసన, నోటినిండా పిండి. మొదట్నుంచి మళ్ళీ ట్రేలు మొదలుపెడదామన్నాడు. వద్దన్నా. అరిగితే అరగనీ అన్నా. ఆయనకి ఆసుపత్రి సంగతి తెలీదు. "ఎక్స్‌రే ఎప్పుడు తీద్దామమ్మా, ఇంకా ఎన్నాళ్ళుంది?" అని నవ్వుతూ అడిగాడు. లేదండీ, అన్నా. ఆయన మిషను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను నోరు తెరిచా, ఇంకో పక్క మిగిలాయి కదా.

పళ్ళు నున్నగా ఉన్నాయి. నాలుక అక్కడికీ ఇక్కడికీ వెళ్ళి వెతుక్కుని వస్తోంది. రేపట్నుంచి కౌంటర్‌కి వెళ్తా. అక్కడ కుర్చీ మార్చారట, ఫోన్ చేసి చెప్పారు. వాళ్ళకి అంతకంటే ఏం చెప్పాలో తెలీక.

ఆయన రాత్రిళ్ళు షిఫ్టు అడిగి వేయించుకున్నారు. ఇద్దరం ఒకే వేళ ఇంట్లో ఉంటే గది ఇరుకైపోతోంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు గోడకేసి ఏమన్నానో రాయను. నిన్ను తిట్టింది ఉంది. ఆయన్ని తిట్టింది ఉంది, ఆయన విని కూడా నిలబడ్డారు. చచ్చిపోతానన్నది ఉంది, అందుకు భయపడకు, అన్నాక ఆ కోరిక కొంచెం పల్చబడింది, పోలేదు. డాక్టరమ్మకి చెప్తానని ఆయనకి మాటిచ్చా. బుధవారం ఇద్దరం వెళ్తున్నాం.

చివర మెల్లిగా అన్నానన్నావే, అది దానికి నేను పెట్టుకున్న పేరు. కడుపులో ఉన్నన్నాళ్ళూ లోపల లోపలే పిలుచుకున్నా, ఆయనకి కూడా తెలీదు. పైకి ఒక్కసారే పలికా. అది విన్నది ఆయన. నీకు ఇప్పటికీ తెలీదు. ఇంకోసారి పలకగలనో లేదో నాకు తెలీదు.

మళ్ళీ రా. నీవైపు తిరుగుతానని మాత్రం మాటివ్వలేను.

చెల్లి